గ్యాస్ట్రిక్కని చెప్పిన పిల్ల

హిమజ నాన్న జోగారావు పోయేదాకా తనకున్నది గ్యాస్ట్రిక్కే అనుకున్నాడు. అనుకున్నాడో, అనుకున్నట్టు నటించాడో ఆ పైవాడికే తెలియాలి. మా ఉద్దానం ఊళ్ళలో ఇదో పద్ధతి. ఇంట్లో మనిషికి కిడ్నీలు పాడయ్యాయని డాక్టరు చెప్తాడు. ఆ మాట గుమ్మం దాటి లోపలికి రాకముందే ఇంటిల్లిపాదీ కూడబలుక్కుంటారు. రోగికి మాత్రం చెప్పరు. పేరు చెవిన పడితే మనిషి ఆ పూటకే సగం చచ్చిపోతాడంటారు. అందుకని గ్యాస్ట్రిక్కంటారు. కాళ్ళు పొంగితే నీరు దిగిందంటారు. మిషను మీద పడుకోబెట్టి రక్తం కడిగిస్తూ గ్లూకోజు ఎక్కిస్తున్నారంటారు. రోగి మాత్రం తెలివితక్కువవాడా? పక్కింటాయన అలాగే పోయాడు, ఎదురింటావిడ అలాగే పోయింది. అయినా సరేనని తలాడిస్తాడు. ఇంతమంది కలిసి ఒక్క అబద్ధాన్ని ఇంత ప్రేమగా మోసే చోటు ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలీదు. నాకైతే ఒళ్ళు మండుతుంది.

జోగారావు మంచం పట్టేనాటికి హిమజ ఏడో తరగతి. తల్లి రత్నాలమ్మ పొద్దున్నే పలాస బస్సెక్కి జీడిపిక్కల ఫ్యాక్టరీకి పోయేది. పిక్క జీడి అంటుకుని సాయంత్రానికి ఆవిడ వేళ్ళు నల్లగా కమిలిపోయి ఉండేవి. ఇంట్లో మిగిలేది తండ్రీ కూతురూ. ఆ పిల్లకి అప్పజెప్పిన పని ఒకటే, నాన్న అడిగితే గ్యాస్ట్రిక్కని చెప్పడం.

"ఏటన్నాడే డాకటరు?" అని మంచంలోంచి రోజూ అడిగేవాడు జోగారావు.

హిమజ నడుం మీద చెయ్యి పెట్టుకుని, గొంతు బొంగురు చేసి, అచ్చం పలాస డాక్టరులాగే, "ఏం లేదయ్యా, గ్యాస్ట్రిక్. కారం తగ్గించు" అనేది. గొంతులు పట్టడం ఆ పిల్లకి పుట్టుకతో వచ్చిన విద్య. ఒక్కసారి వింటే చాలు, దింపేస్తుంది. జోగారావు దగ్గొచ్చేదాకా నవ్వేవాడు. అలా నవ్వుకుంటూ, నీరసిస్తూ, ఆ ఏడు వానలు తగ్గేసరికి పోయాడు. దినాలకొచ్చిన ఆడవాళ్ళందరూ హిమజ తల నిమిరారు. "గుంటకెంత గుండె నిబ్బరమే! ఒక్కనాడూ నోరు జారనేదు" అన్నారు. నాన్న పోయిన పిల్లకి ఆ నాలుగు రోజుల్లో దొరికిన మంచి మాట అదొక్కటే. అది మనసులో అలాగే దాచుకుంది.

ఇక రజని సంగతి. రజనిది పల్లె, అంటే సముద్రం పక్క జాలర్ల ఊరు. తండ్రి పోలారావు వేటకెళ్తాడు. తల్లి లేదు. హైస్కూల్లో ఇద్దరిదీ ఒకే బెంచీ. హిమజ గాలొచ్చినా బెదిరే రకం. బల్లి పడితే జ్వరం, లెక్కల మాస్టారు పేరు పిలిస్తే చెమట. రజని అలా కాదు. మగపిల్లలతో పందెం కట్టి ఇసకలో లగెత్తి, గెలిచి, వాళ్ళ దగ్గరే జామకాయలు లాక్కుని తినే రకం. ఖోఖోలో జిల్లాదాకా ఆడొచ్చింది. ఈ రెంటికీ ఎలా కుదిరిందంటే ఏం చెప్తాం! హిమజ హెడ్మాస్టారు తిరుమలరావు గొంతు దింపుతుంటే కడుపు పట్టుకుని దొర్లేది రజని. హెడ్మాస్టారికి ముక్కుతో మాట్లాడటం అలవాటు, ప్రతి మాటకీ ముందు "అనగా ఏమనగా" అంటారు. హిమజ ఆ విద్య చూపించేది ఇంట్లో నాన్నకీ, బళ్ళో రజనికీ. నాన్న పోయాక రజనికే.

పదో తరగతి అయిపోవచ్చింది. ఫేర్‌వెల్ వారం ఉందనగా బడికి కిడ్నీ పరీక్షలవాళ్ళొచ్చారు. మామూలుగా వాళ్ళొస్తున్నారని ముందే తెలిస్తే ఆ రోజు సగం బెంచీలు ఖాళీ. పిల్ల పేరు ఒక్కసారి బయటికొస్తే సంబంధాలు రావు, పిల్లాడి పేరొస్తే మిలట్రీకి పనికిరాడని చులకన. అందుకని తల్లిదండ్రులే జ్వరమనీ పెళ్ళనీ ఇంట్లో కూర్చోబెట్టుకుంటారు. ఈసారి తిరుమలరావు మాస్టారు గడుసుగా ఎవరికీ చెప్పలేదు. వ్యాను లోపలికొచ్చాక గేటుకి తాళం వేయించారు. పేర్లు రాసిన చిన్న సీసాలు చేతుల్లో పెట్టి, ఒంటేలు పట్టి తెమ్మని పంపారు.

హిమజ మరుగుదొడ్డి గోడకి ఆనుకుని నిలబడిపోయింది. ఖాళీ సీసా చేతిలోనే ఉంది.

"ఏటే అలా నిలుసుండిపోనావు?" అంది రజని.

"నాకు రాటం నేదే. మా నాన్నది నాకూ ఉంటే ఏటి సేత్తాను? మాయమ్మ సదువు మానిపించేత్తాది."

"ఓలమ్మ, దీనికేనా! ఇలాతే నీ సీసా." లాక్కుని లోపలికెళ్ళి, తన ఒంటేలుతో నింపి తెచ్చింది రజని. మూత బిగిస్తూ, "ఇగ నాదాంట్లో నువ్వు పొయ్యి" అంది.

"అదేటే! నాది బాగోకపోతే నీ పేరున వత్తాది కదా."

"రానీ. మల్లీ రత్తం తీసి సూత్తారు. నాకేటుంటాది, ఎద్దులాగున్నాను. అప్పుడు మిసినీ తప్పంటారు. నువ్వు బయటపడిపోతావు, నానూ బయటపడిపోతాను. ఊరకే బయపడి సావకు."

విన్నారా దాని తెలివి! పదో తరగతి పిల్లకి ఎంత కల్మషం లేని లెక్కో చూడండి. భయం పోయేసరికి హిమజకి వచ్చింది కూడా. రెండు సీసాలూ పక్కపక్కనే బల్ల మీద పెట్టి, ఇద్దరూ చింతకాయలు తింటూ క్లాసుకి పోయారు.

ఆదివారం పొద్దున్న ఆశా కార్యకర్త అమ్ములు హిమజ ఇంటికొచ్చింది. అదే వీధి మనిషి. రత్నాలమ్మని వంటింట్లోకి లాక్కెళ్ళి గుసగుసలాడింది. గోడ ఇవతల హిమజ వింది. హిమజ సీసాలో తేడా ఉందట. పలాస తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించాలట.

హిమజకి ముందొచ్చింది సంతోషం. అబద్ధం చెప్పకూడదు, ప్రాణం లేచొచ్చింది ఆ పిల్లకి. హమ్మయ్య, నాది కాదు! మరుక్షణమే అది ఎవరిదో గుర్తొచ్చింది. వచ్చిన ఊపిరి అక్కడే ఆగిపోయింది.

రత్నాలమ్మ కళ్ళు తుడుచుకుని బయటికొచ్చింది. మొహం నిండా నవ్వు పులుముకుంది.

"ఏటంటందమ్మా అమ్ములప్ప?"

"ఏటీ నేదే. నీకు కుంత గేస్టిక్కుందంట. పలాసెల్లి ఓపాలి రత్తం సూపించుకొద్దారి."

ఆ మాట ఈసారి హిమజ మీదికే వచ్చి పడింది. ఇదే మాట, ఇదే నవ్వుతో, తను నాన్నకెన్నిసార్లు చెప్పిందో! నాన్నకి తెలిసే ఉంటుందని ఆ క్షణాన ఆ పిల్లకి అర్థమైంది. తెలిసీ నవ్వాడు పాపం.

పలాసలో రక్తం తీశారు. అంతా సవ్యంగా ఉందన్నారు. రత్నాలమ్మ ఆసుపత్రి మెట్ల మీదే కూలబడి, రావివలస ఎండల మల్లన్నకి తలనీలాలిస్తానని మొక్కేసింది. తిరుగు బస్సులో హిమజ ఉండబట్టలేక తల్లి చెవిలో అసలు సంగతి చెప్పేసింది. సీసాలు మార్చుకున్నాం, ఆ రోగం రజనిది, రజనికి చెప్పాలి అంది.

రత్నాలమ్మ మొహం మాడిపోయింది. అటూ ఇటూ చూసి కూతురి చెయ్యి నలిపేసింది.

"నోరు ముయ్యి. సెప్పీవంటే ఆ గుంట బెంగతోనే సచ్చిపోతాది. తల్లి నేని గుంట. పై వారం పరీచ్చలెట్టుకుని ఈ మాట సెవినేత్తావా? మీ నాన్నకి సెప్పేవేటి నువ్వు? ఎంత బాగా కాసుకొచ్చేవు! అలాగే కాసుకో."

రత్నాలమ్మ చెడ్డ మనిషి కాదు. కాదు కాబట్టే ఇంత చిక్కు. ఆవిడకి తెలిసిన ప్రేమ అంతే, పక్కమనిషికి చావు కబురు చేరకుండా తలుపు మూసి, తలుపుకి అడ్డంగా కూర్చోవడం. హిమజకి నేర్పిందీ అదే. ఊరంతా తల నిమిరి మెచ్చుకున్నదీ అదే.

ఫేర్‌వెల్ రోజొచ్చింది. ఆ బళ్ళో ఏటేటా ఒక ముచ్చట ఉంది. పదో తరగతి పిల్లలు ఒక్కొక్కరూ స్టేజీ ఎక్కి హాబీ ఏమిటో, ఏమవుతారో మైకులో చెప్పాలి. భార్గవి ముగ్గులంది, సచివాలయంలో ఉద్యోగమంది. కామేశ్ తన హాబీ రీల్సన్నాడు, పలాసలో సెల్‌ఫోన్ల షాపు పెడతానన్నాడు. ఢిల్లీరావు హాబీ ఈత, గుజరాత్‌లో వీరావల్ పోయి బోటు పని చేస్తానన్నాడు. వాడి అన్నలిద్దరూ అక్కడే ఉన్నారు, ఇంకేమంటాడు!

రజని ఎక్కింది. గులాబి రంగు లంగాఓణీ, కాళ్ళకి మాత్రం పరుగు బూట్లు. "హాబీ లగెత్తడం సార్. పోలీసునౌతాను. అయ్యేక మొట్టమొదట కామేశ్‌గాడికి సలానా రాత్తాను" అంది. పందిరి ఎగిరిపోయేలా చప్పట్లు.

హిమజ ఎక్కి, తలొంచుకుని, "హాబీ ఏటీ నేదు సార్. నర్సునౌతాను" అంది.

"సార్! దాని హాబీ మీ గొంతు సార్!" అని కింద నుంచి అరిచింది రజని.

తిరుమలరావు మాస్టారు మైకు ఆ పిల్ల ముందుకి జరిపారు. కానీయమ్మా అన్నారు. హిమజ ముక్కు పట్టి, "అనగా ఏమనగా" అని మొదలుపెట్టేసరికి బడి బడంతా దొర్లింది. మాస్టారే కళ్ళొత్తుకునేలా నవ్వారు. బహుశా ఆ పిల్ల జీవితంలో అంతమంది చప్పట్లు కొట్టిన రోజు అదొక్కటే. దిగి రాగానే రజని మెడ చుట్టూ చెయ్యేసింది.

"నీ పేరున ఏటొచ్చిందే? అడగడం మరిసిపోనాను."

హిమజ నోరు తెరిచింది. ఇప్పుడు చెప్పాలనుకుంది. నిజంగా అనుకుంది. ఎదురుగా రజని మొహం వెలిగిపోతోంది, చెవి పక్కన కనకాంబరాలు, చేతిలో సగం కొరికిన లడ్డూ.

"బాగుందన్నారే" అంది.

"సూసేవా మరి! నా సీసా అంటే ఏటనుకున్నావు?" అని రజని మిగతా లడ్డూ హిమజ నోట్లో కుక్కేసింది.

పరీక్షలయ్యాక చెప్దామనుకుంది హిమజ. పరీక్షలయ్యాయి. రిజల్ట్సొచ్చాక అనుకుంది. అవీ వచ్చాయి. ఇంటర్‌లో చేరాక, పండగయ్యాక, ఎండలు తగ్గాక. వాయిదా వేసేవాడికి ఏడాదిలో సందర్భాలకేం తక్కువ? అమ్ములు మాత్రం ఊరుకుందా అంటే, హిమజ రక్తం బాగుంది కదా, ఆ కథ అక్కడితో ముగిసింది. రజని పేరు మీద ఉన్నది మంచి సీసా. ఎవరొచ్చి అడుగుతారు?

హిమజ టెక్కలిలో ఇంటర్‌కి హెల్త్ వర్కర్ కోర్సు తీసుకుంది. రజని సోంపేట కాలేజీ. పొద్దున్నే బారువ తీరంలో, మిలట్రీకి తయారయ్యే కుర్రాళ్ళతో కలిసి లగెత్తేది. రెండో ఏడు దసరా సెలవుల్లో హిమజ చూడ్డానికెళ్ళింది. ఆరబోసిన ఎండుచేపల మధ్య నుంచి, పడవల పక్క నుంచి వచ్చింది రజని. సన్నబడింది. కళ్ళ కింద ఉబ్బు. కూర్చోగానే పాంటు జేబులోంచి బిళ్ళ తీసి మింగింది.

"ఏటే అది?"

"నొప్పి బిల్ల. కాల్లు పీకేత్తన్నాయి. ఇది ఏసుకుంటే గాని లగెత్తలేను. ఆర్‌ఎంపీ ఇచ్చినాడు."

ఆ బిళ్ళ గురించి హిమజకి క్లాసులో చెప్పారు. చెడిన కిడ్నీలకి అది విషంలాంటిదని మేడమ్ రెండుసార్లు చెప్పి, అందరిచేతా అనిపించింది కూడా. హిమజ రజని చెయ్యి పట్టుకుంది.

"ఆ బిల్లలు మానీయే. నాకోసం మానీ."

"ఎందుకే?"

చెప్పు! చెప్పవే తల్లీ! సముద్రం తప్ప వినేవాడు లేడక్కడ. పరీక్షలు లేవు, ఫేర్‌వెల్ లేదు, చెయ్యి నలిపే తల్లి లేదు. కానీ ఇప్పుడు చెప్తే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడుగుతుంది కదా. ముందు ప్రేమతో దాచింది, ఇప్పుడు భయంతో దాస్తోంది. ఆ రెంటికీ మధ్య గీత ఎప్పుడు దాటిందో ఆ పిల్లకే తెలీదు.

"గేస్టిక్కొత్తాదే" అంది.

"ఓస్, గేస్టిక్కా!" అని రజని లేచి ఇసక దులుపుకుని, మళ్ళీ లగెత్తింది.

ఇంటర్ పరీక్షలు ముగిశాక హిమజని ప్రాక్టికల్స్‌కి పలాసలో ఒక ఆసుపత్రిలో వేశారు. నీలం అంచు తెల్లచీర, చేతిలో ట్రే. వేసంగి మధ్యలో ఒకనాడు పోలారావు ఆటోలోంచి కూతుర్ని భుజమ్మీద వేసుకుని దిగాడు. లగెడుతూ లగెడుతూ పడిపోయిందట. మొహమంతా వాచింది, కాళ్ళు పొంగిపోయాయి. కానిస్టేబుల్ సెలక్షన్స్‌కని పోలారావు కొన్న కొత్త బూట్లు ఆ కాళ్ళకి పట్టక, చేత్తోనే పట్టుకొచ్చాడు.

డాక్టరు కొత్తవాడు, ఎక్కణ్ణుంచో వచ్చాడు, మన పద్ధతి తెలీదు. రిపోర్టులు రాగానే తిన్నగా రజని మంచం దగ్గరికొచ్చి, తెలుగులో, మొహమ్మీదే చెప్పేశాడు. రెండు కిడ్నీలూ పోయాయమ్మా, రేపట్నుంచి డయాలసిస్ చెయ్యాలి అన్నాడు. పోలారావు అప్పుడు వరండాలో ఉన్నాడు. ట్రే పట్టుకుని పక్కన హిమజ ఉంది.

"రెండేళ్ళ ముందు తెలిసుంటే మందులతో చాలా కాలం నెట్టుకొచ్చేవాళ్ళం. మీ ఊళ్ళ బళ్ళలో పరీక్షలు చేస్తారు కదా, నీకు చెయ్యలేదా?" అనడిగాడు డాక్టరు.

"సేసేరు సార్" అంది రజని. "బాగుందన్నారు."

అంటూనే ఆగిపోయింది. కళ్ళు మెల్లగా హిమజ వైపు తిరిగాయి. డాక్టరు వెళ్ళిపోయాడు. పై నుంచి ఫ్యాను టకటకమంటోంది.

"ఒలే హిమజా. నా సీసా నీ పేరున ఎల్లినాది కదా. ఆ ఫేర్‌వెల్ నాడు బాగుందన్నావు. నిజిమేనా?"

ఇక్కడైనా అబద్ధమాడుతుందేమోనని నేను భయపడ్డాను. ఆడలేదు.

"కాదే" అంది హిమజ. ట్రే కింద పెట్టేసి మంచం పట్టె పట్టుకుని ఏడ్చింది. "బాగోనేదన్నారు. నీకు సెప్తే బెంగెట్టుకుంటావని సెప్పనేదు. తరవాత సెప్పడానికి బయమేసినాది. నన్ను తిట్టే. కొట్టే."

రజని తిట్టలేదు. తిట్టడానికి ఓపిక కూడా లేదు. పక్కన పెట్టిన బూట్ల వంక చూస్తూ, "అందరి గొంతులూ వచ్చు నీకు. నీ గొంతొక్కటీ రాలేదేటే?" అంది. ఆ తరవాత మొహం గోడవైపు తిప్పేసుకుంది.

హిమజ వెళ్ళబోతుంటే వెనకనుంచి పిలిచింది.

"మా నాన్నకి సెప్పకు. ఒక్కడే సముద్రం మీదికెల్తాడు, మనసు మనసులో ఉండదు. గేస్టిక్కని సెప్పు. నువ్వయితే బాగా సెప్తావు."

అందులో ఎకసెక్కం లేదు. నిజంగానే అడిగింది. ఏం చేస్తాం, అదీ ఉద్దానం పిల్లే.

హిమజ వరండాలోకొచ్చింది. పోలారావు గోడకి జారబడి, తలగుడ్డ చేతిలో నలుపుతూ కూర్చున్నాడు. వల లాగి లాగి కాయలు కాసిన చేతులు. ఆ పిల్లని చూసి గబుక్కున లేచాడు.

"ఏటన్నాడమ్మా డాకటరు?"

అదే ప్రశ్న. అదే గొంతు కూడానేమో, జోగారావుది. ఐదేళ్ళ కిందటి అలవాటు కదా, హిమజకి ఏం లేదయ్యా అనే మాట అచ్చం డాక్టరు బొంగురుతో నాలిక చివరిదాకా వచ్చేసింది. ఆ మాట అంటే ఈయన నవ్వుతాడు. ఇంటికెళ్ళి సుఖంగా నాలుగు ముద్దలు తింటాడు. లోపల రజని అడిగిందీ అదే. ఆ మాటని మింగేసింది.

"గేస్టిక్కు కాదు మావా" అంది.

కిడ్నీలని చెప్పింది. రెండూ పోయాయని చెప్పింది. సీసాల సంగతి చెప్పింది. రెండేళ్ళ కిందటే తనకి తెలుసని, తెలిసీ దాచానని కూడా, ఎవరి గొంతూ అరువు తెచ్చుకోకుండా చెప్పింది. పోలారావుకి మొదట ఏమీ ఎక్కలేదు. చేతిలో తలగుడ్డ జారి కింద పడింది.

"రెండేల్లా?" అన్నాడు.